కిటికీ పక్క వరస

నాలుగింటికి పిలుస్తామన్నారు, మూడింటికే తెచ్చి కూర్చోబెట్టారు, ముసలివాళ్ళని ఎక్కడికైనా గంట ముందు చేరిస్తే ఓ పని అయిపోతుందని అందరికీ ఓ నమ్మకం, నా మనవరాలికి మరీను. కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళ గ్లాసు చేతికి అందేలా పెట్టి, భుజం దగ్గర ఈ కాగితం పువ్వు గుచ్చి, "కదలకు అమ్మమ్మా, పువ్వు నలిగిపోతుంది" అంది, అక్కడితో ఆగితే బాగుండేది, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "నీకో సంతోషం, మిరపకాయమ్మని కూడా తీసుకొస్తున్నా, ముందు వరసలో కూర్చోబెడతా" అని వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ నా ప్రాణం కుదురుగా లేదు. ఈ జాడీల కార్ఖానాకి డెబ్బై అయిదేళ్ళు నిండాయని సభ, ఆ సభలో నన్ను స్టేజీ ఎక్కించి, ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇక్కడ జాడీలు మోగించి చూసిన మనిషి, ఒక్క బీట జాడీని కూడా గేటు దాటనివ్వని చెవి అని చెప్తారు, కొత్త మేనేజరు ఆ కాగితం నాకు ముందే చదివి వినిపించాడు, ఒక్కటి కూడా అన్నచోట గొంతు పెంచి నా మొహంలోకి చూశాడు, పాపం, నేను మురిసిపోతాననుకున్నాడు. ఒకటి దాటింది నాయనా. దాటించింది నేను. దాని నింద మోసుకుని ఈ గేటులోంచి బయటికి పోయింది మిరపకాయ, నలభై ఏళ్ళ కిందట, ఇవాళ అదే వచ్చి ముందు వరసలో కూర్చుని నాకు చప్పట్లు కొడుతుంది. ఈ గంటలో నేను నోరు తెరవాలి, లేదా ఇక ఎప్పటికీ తెరవకూడదు, మైకులో ఒకసారి చెప్పేశాక అబద్ధానికి కూడా ముద్ర పడిపోతుంది కదా.

గది మారింది గానీ గోడలు అవే. ఇప్పుడు దీన్ని స్టోరు రూము అంటున్నారు, ఖాళీ అట్టపెట్టెలూ కాలు విరిగిన కుర్చీలూ పడేశారు, ఫ్యాను తిరిగినప్పుడల్లా ఏదో అట్టముక్క టపటపలాడుతోంది, ఎక్కడుందో కనిపించదు, లేచి దాని నోరు మూయిద్దామంటే పువ్వు నలుగుతుంది. అప్పుడిది మోగించే గది. బట్టీలోంచి దింపిన జాడీలు చల్లారాక ఇక్కడికే వచ్చేవి, నా నడుమెత్తు జాడీలు, వాటిలో యాసిడ్ పోసి లారీల్లో పంపేవాళ్ళు, వరసకి ఇరవై, అయిదు వరసలు, మధ్యన మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. మిరపకాయ తిన్నగా నడిచినా పట్టేది, నేను పట్టేదాన్ని కాదు, "నువ్వొస్తున్నావంటే జాడీలే సర్దుకుంటాయి లేవే" అనేది. దాని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు, సన్నగా ఎర్రగా ఉండేది, నోరు అంతకంటే ఎర్రగా ఉండేది, రోజూ పొద్దున్నే నన్ను చూడగానే ఏదో ఒకటి అనేది, తల దువ్వుకున్నావా లేక ఎవరైనా పీకారా అనేది, నేనూ ఊరుకునేదాన్ని కాదు, ఇద్దరం తిట్టుకుంటూ సుత్తులు అందుకుంటే గాని మాకు పని మొదలైనట్టు ఉండేది కాదు.

సుత్తి అంటే ఇనపది కాదు, చిన్న కొయ్యసుత్తి, పిల్లలు ఆడుకునేంత. జాడీ భుజం మీద ఒకటి, పొట్ట మీద ఒకటి, అడుగున వంగి ఒకటి. మంచి జాడీ ఖంగుమంటుంది, ఆ ఖంగు కాసేపు లోపల తిరిగి తిరిగి తనంతట తాను వెళ్ళిపోతుంది. బీట ఉన్నది అలా కాదు, పలికీ పలకకముందే గొంతు బొంగురుపోతుంది, జలుబు చేసినట్టు. కంటికి తెలియదు, పైన పూత అద్దంలా ఉంటుంది, వంగితే మన మొహమే కనిపిస్తుంది, బీట అడుగున మట్టిలో దాక్కుంటుంది. నాకు ఇది నేర్పింది పెద్దమ్మ, నాకేమీ పెద్దమ్మ కాదు, కార్ఖానా మొత్తానికీ పెద్దమ్మ. ఏడాది పాటు నా పక్కన నిలబడి ఒక్కసారి కూడా బాగుంది అనలేదు. "విన్నావా?" అనేది. విన్నానంటే "ఏం విన్నావు?" అనేది. చెప్పలేకపోతే సుత్తి పిడితో వేళ్ళ కణుపుల మీద ఒక్కటి. రాత్రికి అన్నం కలుపుకుంటే వేళ్ళు మండేవి, మనసులో ఎంత తిట్టుకున్నానో, ఇప్పుడు ఆ వేళ్ళనే చూసుకుంటున్నాను, పెద్దమ్మ ఉంటే ఈ పాటికి ఒకటి తగిలించి ఉండేది, ఈ గదిలో నేను చేసింది చేయనిచ్చేదే కాదు.

పక్క హాల్లో మైకు పరీక్ష చేస్తున్నారు, హలో, హలో, ఒకటి రెండు మూడు. మూడూ ఇరవై అయింది. మేస్త్రీ గొంతు కూడా ఇలాగే ఉండేది, మైకు లేకుండానే. పెద్దమ్మ పోయాక వచ్చాడు కొత్త మేస్త్రీ, మనిషి ఎదురుపడితే చాలు నోట్లోంచి తేనె కారేది, వాచ్‌మన్‌ని కూడా సింహం అనేవాడు, ఆ సింహం మధ్యాహ్నం పూట గురక పెట్టేది. సరుకు కొనేవాళ్ళని వెంటబెట్టుకొచ్చి నన్ను చూపించి, "ఇదిగోనండీ, మా బంగారు చెవి, ఈవిడ సరే అంటే దేవుడు సరే అన్నట్టే" అనేవాడు. మొదట్లో నేనూ మిరపకాయా వాడు వెళ్ళాక పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం, అది నా చెవి పట్టుకుని, తులం ఎంతుంటుందే ఇది అనేది. తరవాత ఎప్పుడో, ఏ రోజని చెప్పలేను, నేను నవ్వడం మానేశాను. కొనేవాళ్ళు వస్తారన్న రోజున మొహం కడుక్కుని వచ్చేదాన్ని. బట్టలు ఉతికినవి వేసుకునేదాన్ని. మిరపకాయ కనిపెట్టింది, "వాడు నీకు గాలి కొడుతున్నాడే, చూసుకో, ఎగిరి బట్టీ గొట్టం మీద కూర్చుంటావు" అంది. నేను, "నీకు కుళ్ళు" అన్నాను. అది కాసేపు నన్ను చూసి, "సరే, ఎగురు" అని తన వరసలోకి వెళ్ళిపోయింది. అంత సూటిగా నాతో మాట్లాడినవాళ్ళు ఆ తరవాత నాకు దొరకలేదు.

నీళ్ళు తాగితే బాగుండును, తాగితే మళ్ళీ బాత్రూము అంటుంది ఒళ్ళు, అది హాలు అవతల ఉంది, ఆ దారినే అందరూ వస్తున్నారు. కూర్చో. ఆ రోజు కూడా కూర్చుని ఉంటే ఏ గొడవా లేకపోను. మోగించి చూసిన ప్రతి జాడీ మీదా మైనపు బలపంతో ఎవరి గుర్తు వాళ్ళు పెట్టాలి, నాది సున్నా, దానిది రెండు నిలువు గీతలు. సాయంత్రం మేస్త్రీ గుర్తులు చూసుకుంటాడు, గుర్తు లేకపోతే మనిషి లేనట్టు, మూడుసార్లు లేకపోతే గేటు బయటే. అందుకని మాలో మాకో మాట ఉండేది, ఒకరు అవసరానికి వెనక గేటునుంచి ఇంటికి వెళ్తే ఇంకొకరు వాళ్ళ వరస మోగించి వాళ్ళ గుర్తే పెట్టాలి. నా కొడుకు ఒంటినిండా పొక్కులతో పడుకున్న వారమంతా అది నా వరసలన్నీ మోగించి సున్నాలు చుట్టింది, ఒక్కటీ తప్పలేదు. ఆ రోజు దాని వంతు. కూతురు మూడు నెలల పిల్ల, పాలివ్వడానికి ఇంటికి వెళ్ళింది, కిటికీ పక్క వరస దానిది, "ఆ వరస చూడవే, అరగంటలో వస్తా" అంది. అది అటు వెళ్ళిందో లేదో మేస్త్రీ ఇటు నుంచి నలుగురు కొనేవాళ్ళతో దిగాడు. నేను సుత్తి తీశాను. వాడు నవ్వి, "ఈవిడకి సుత్తి దేనికండీ, అలవాటుకి పట్టుకుంటుంది గాని, పక్కనుంచి నడిస్తే చాలు, జాడీలే చెప్పేస్తాయి" అన్నాడు.

నడిచాను. సుత్తి నడుముకి దోపుకుని, తల కొంచెం వంచి, ఏదో వింటున్నట్టు ఓ రెండుచోట్ల ఆగి, రెండు గీతలు, రెండు గీతలు, రెండు గీతలు, ఇరవై జాడీలు, కిటికీలోంచి ఎండ పడి పూత మీద నా మొహం ఇరవైసార్లు కనిపించింది, బాగుంది కూడా. వాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వెనక్కొచ్చి మోగిద్దామనే అనుకున్నాను, దేవుడి తోడు, అనుకున్నాను, కానీ వాళ్ళు టీకి రమ్మన్నారు, వెళ్ళాను, తిరిగొచ్చేసరికి ఆ వరస ఖాళీ, లారీ ఎక్కేసింది. మిరపకాయ వచ్చి, "అయిందా?" అంటే, "అయింది" అన్నాను. మొదటి అబద్ధం అంత చిన్నది, పెసరగింజంత.

తొమ్మిదో రోజున పగిలిన జాడీ ముక్క ఒకటి వచ్చింది. మా హమాలీ, మనిషి కొండలా ఉండేవాడు, లారీలోంచి జాడీ దింపుతుంటే చేతుల్లోనే విడిపోయిందట, యాసిడ్ తొడ మీదనుంచి పాదం దాకా కారిందట, ప్రాణం నిలిచింది గాని కాలు మళ్ళీ సరిగ్గా నేల మీద ఆనలేదు. మేస్త్రీ గుడ్డలో చుట్టుకొచ్చి బల్లమీద పెట్టాడు పెంకుముక్కని, రెండు గీతలు, నీలంగా. నేను చూడగానే పోల్చుకున్నాను. మిరపకాయ నిలబడి గీస్తుంది, దాని గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది, ఇవి పక్కకి సాగి ఉన్నాయి, నడుస్తూ గీసిన చెయ్యి. ఆ తేడా ఈ ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. మేస్త్రీ నన్నేమీ గద్దించలేదు, గద్దిస్తే చెప్పేసేదాన్నేమో, ఎంత మెత్తగా అడిగాడనీ, "నీ చెవి తప్పదని నాకు తెలుసు తల్లీ, నీ మీది నమ్మకంతోనే వాళ్ళు సరుకు కొంటున్నారు, ఇది నీ గుర్తు కాదు కదా?" అన్నాడు. ఆ ప్రశ్నలోనే జవాబు వండి పెట్టాడు, నేను నోరు తెరవడమే తరువాయి. "కాదండీ, దానిదే" అన్నాను. మాటకి మాట నిజమే, గుర్తు దానిదే. మిరపకాయ నా వైపు చూసింది, తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. ఆ వారంలో అది తన చేత్తో వందల జాడీలు మోగించింది, ఇది ఏనాటిదో దానికేం తెలుసు. ఆ పెంకు వైపు దూరంనుంచే చూసి, మెల్లగా, "విన్నాననే అనుకున్నాను" అంది. సుత్తి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

మూడూ నలభై. హాల్లో కుర్చీలు జరుపుతున్నారు, ఆ గీరుడు పళ్ళలోకి దిగుతోంది. ఒక ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు బైబిల్లోని జ్ఞాని రాజు మాటలు తీశారు, తియ్యని పెదవుల గురించి, మట్టి పాత్రకి వెండి పూత పెట్టడం గురించి, ఎప్పుడో వేల ఏళ్ళ నాటి రాజుకి మా కార్ఖానా సంగతి ఎవరు చెప్పారా అనుకున్నాను. ఆయన అక్కడితో ఆగలేదు, మనం ఎవర్ని అబద్ధంతో గాయపరుస్తామో వాళ్ళంటేనే మనకి మెల్లగా కిట్టకుండా పోతుంది అని విడమరిచి చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు, నేను దగ్గాను. మిరపకాయ నా పక్కనే ఉంది, దగ్గు చూసి నా వీపు నిమిరింది. ఆ చెయ్యి నాకు ఎంత బరువనిపించిందో. నిజమే మరి, కిట్టకుండానే పోయింది నాకు, దాని నిదానం చూస్తే విసుగు, అది ఒకే సంగతి రెండుసార్లు అడిగితే చిరాకు. ఎందుకు అడుగుతోందో నాకు తెలియదా. గేటు దాటాక అది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పనికి చేరింది, చెవితో పని లేని పని కావాలని ఏరుకుని మరీ చేరింది. వారానికోసారి హమాలీ ఇంటికి వెళ్ళి వాళ్ళ బట్టలు కూడా ఉతికి వచ్చేది, ఆయన భార్య మొదట్లో తలుపు మొహం మీదే వేసేది, ఆరేళ్ళ తరవాత ఆయనే, "ఇంక చాలు తల్లీ, ఇంటికెళ్ళు" అన్నాడట. తన ఇంట్లోనే ఎవరైనా తలుపు కొడితే మిరపకాయ లేవదు, పక్కవాళ్ళ మొహం చూస్తుంది, "కొట్టారా?" అంటుంది. నేను వెళ్ళినప్పుడల్లా నా ముందే అనేది. నేను వెంటనే టీ పొగిడేదాన్ని. కర్టెన్లు పొగిడేదాన్ని. దాని కూతుర్ని, అల్లుణ్ణి, పెరట్లో తోటకూర మొక్కని కూడా వదల్లేదు. నలభై ఏళ్ళు దాని ఇంటికి తీపి మాటలు మోశాను, అది అన్నిటికీ "అవునా" అనేది, ఒక్కసారి కూడా నా జుట్టు గురించి ఏమీ అనలేదు.

చెప్తే ఏమవుతుంది. మనవరాలు నా వైపు ఎలా చూస్తుంది, అమ్మమ్మ చెవి అమ్మమ్మ చెవి అని చిన్నప్పట్నుంచీ బళ్ళో చెప్పుకున్న పిల్ల. మేస్త్రీ పోయాడు, హమాలీ పోయాడు, ఇంక ఎవరికి చెప్పి ఏం లాభం అని ఒక గొంతు, ఆ గొంతు మేస్త్రీదే, చచ్చాక కూడా ఎంత మెత్తగా మాట్లాడుతున్నాడో. లేచి వెనక గేటునుంచి వెళ్ళిపోతే, ఒంట్లో బాగాలేదంటే, అది ఇంకో అబద్ధం, దాన్ని మొయ్యడానికి ఇంకొకటి, నాకు డెబ్బై రెండేళ్ళు, ఇంకెన్ని మొయ్యగలను.

తలుపు దగ్గర చెప్పుల చప్పుడు. మనవరాలు మిరపకాయని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉండండి, మేనేజరుగారు పిలుస్తారు" అని హాల్లోకి పరుగెత్తింది. మిరపకాయ చిన్నదైపోయింది, ఎరుపంతా పోయి కాగితంలా ఉంది. నా ఎదురుగా అట్టపెట్టె మీద కూర్చుని నా కాగితం పువ్వు చూసి, "నీకు దక్కాల్సిందేనే. నాకు నీలాంటి చెవి ఉంటే ఆయన కాలు..." అంది.

"ఆ జాడీ నువ్వు మోగించలేదే" అన్నాను. అది మొదలని నాకే తెలియలేదు, నోట్లోంచి జారిపోయింది, ఇక ఆగలేదు. "నువ్వు పిల్లకి పాలివ్వడానికి వెళ్ళావు, కిటికీ పక్క వరస నాకు అప్పజెప్పావు, నేను మోగించలేదు, కొనేవాళ్ళ ముందు నడుచుకుంటూ నీ గీతలు గీసేశాను. ఆ ముక్క మీది గీత నా చేతిది. నాకు ఆ రోజే తెలుసు."

"మళ్ళీ చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం ఎంత కష్టమో, మొదటిసారి దూకేశాను, రెండోసారి ఒక్కో మెట్టూ దిగాలి.

"కిటికీ పక్క వరసా?"

"అవును."

"ఆ రోజు ఆ వరస నేను ముట్టనే లేదు."

"ముట్టలేదు."

"అయితే నేను తప్పు వినలేదు." తనలో తాను అనుకున్నట్టు అంది, నన్ను చూడలేదు. "అది అసలు నా చెవిలోకే రాలేదు." మళ్ళీ తనే, "మా అమ్మాయి పసిదప్పుడు పక్క గదిలో ఏడిస్తే, నిజంగా ఏడుస్తోందా లేక నాకే అనిపిస్తోందా అని పక్కింటావిడని అడిగి వచ్చి ఎత్తుకునేదాన్ని. ఆవిడ నవ్వేది. అప్పటిదాకా అది ఏడుస్తూనే ఉండేది" అంది.

అలవాటైన నోరు, అదే తెరుచుకుంది. "నువ్వు కాబట్టి భరించావే, నీ మనసు వెన్న, ఇంకొకతె అయితే..."

"నోర్ముయ్!" అంది మిరపకాయ. గది ఉలిక్కిపడింది. "ఇంకొక్క మంచి మాట అన్నావంటే ఆ గ్లాసు తీసి నీ నెత్తిన కొడతాను. వెన్నట. నలభై ఏళ్ళు నా ఇంట్లో కూర్చుని తోటకూర మొక్కని పొగిడావు, సిగ్గులేనిదానా!" దాని మొహంలోకి ఎరుపు వచ్చింది, చెవుల దాకా వచ్చింది, కళ్ళనీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవట్లేదు. నేను ఏమీ అనలేదు. ఏమీ అనకుండా కూర్చోవడం నాకు అంతకుముందు ఎప్పుడూ చేతకాలేదు.

మేనేజరు తలుపులోంచి తొంగిచూశాడు, చేతిలో కాగితం. "అమ్మగారూ, రండి, మీ గురించి చదవబోతున్నాం."

"చదవద్దు నాయనా," అన్నాను, "మైకు నాకు ఇవ్వు, నేనే చెప్తాను." వాడికి ఏమీ అర్థం కాక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, సరేనన్నట్టు తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. నేను కుర్చీ పట్టుకుని లేచి, దాని వైపు చెయ్యి చాపి, "రా, నువ్వూ రా" అన్నాను.

"రాను. నీ మొహం ఇప్పుడు చూడలేను. ఎప్పటికి చూడగలనో కూడా తెలియదు, అడక్కు." ముక్కు చీదుకుంది. "వెళ్ళి మొత్తం చెప్పు. మా అమ్మాయి ఆ హాల్లోనే ఉంది, దానికి వినపడేలా చెప్పు. ఆయన కాలు సంగతీ చెప్పు. ఎక్కడైనా పూత పూశావంటే నాకు తెలిసిపోతుంది, నేను ఇక్కడే ఉంటాను."

గుమ్మం దాటుతూ వెనక్కి చూశాను. అది అట్టపెట్టె మీద నిటారుగా కూర్చుని, తల కొంచెం వంచి, కళ్ళు మూసుకుని, మైకు ఉన్న వైపుకి చెవి పెట్టింది.